జియోబోర్డు: మూడేళ్ల వాడకం తర్వాత

నాలుగు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో మూడేళ్లు నలిగిన రెండు రకాల బోర్డులివి. ఒకటి కొన్న ప్లాస్టిక్‌ది, ఇంకోటి ప్లైవుడ్ మీద మేకులు కొట్టింది. రెండింటికీ ఐదు వరుసల్లో ఐదేసి చొప్పున 25 మేకులు. రబ్బరు బ్యాండు సాగదీసి ఆకారాలు కట్టడమే పని. దీన్ని 1950ల్లో గణిత బోధకుడు కాలెబ్ గటెన్యో ప్రచారంలోకి తెచ్చాడు.

ప్లాస్టిక్ బోర్డు తేలిక, కానీ అంచు దగ్గర లోపం ఉంది. మేకుల ఎడంలో సగం అంచుకి వదిలితేనే నాలుగు బోర్డులు కలిపినప్పుడు గళ్లు తెగకుండా సాగుతాయి. ఇందులో అలా లేదు. పొట్టి బ్యాండు బలవంతంగా లాగితే పిన్ను మొదలంటా విరిగింది కూడా.

చెక్కదే మేలు. 20 సెం.మీ. చదరం, 12 మి.మీ. ప్లైవుడ్, మేకుల ఎడం 4 సెం.మీ., అంచుకి 2. అంగుళం మేకులు 15 మి.మీ. పైకి ఉండాలి. అంత మందం చెక్కముక్క పక్కన ఆనించి, సుత్తి దానికి తగిలేదాకా కొడితే ఎత్తులన్నీ సమంగా వస్తాయి. తలలేని మేకులు వద్దు, బ్యాండు జారి కంటికి తగులుతుంది.

పిల్లలందరూ చేసే మొదటి తప్పు మేకుల్ని లెక్కపెట్టడం. నాలుగు మేకులుంటే భుజం 4 అంటారు, ఉన్నవి మూడు ఎడాలే. రెండోది, ఐమూల ఎడాన్నీ 1 అనుకోవడం. కాగితం పట్టీతో కొలిపిస్తే తేలిపోతుంది.

మా లెక్కలో బోర్డు డబ్బులు వసూలయ్యే ప్రశ్న ఒకటే: ఎన్ని సైజుల చతురస్రాలు కట్టగలరు? నాలుగని ఆగిపోతారు. అక్కడ నోరు మూసుకోవాలి. ఎవరో ఒకరు వాలుగా కడతారు, పక్కవాడు అది డైమండ్ అంటాడు. పోస్టుకార్డు మూల ఆనించి చూడమంటే గొడవ తీరుతుంది. రెండు అడ్డం, ఒకటి నిలువు పోయే భుజంతో కట్టినదాని వైశాల్యం ఎంత? బయట 3×3 చదరం చుట్టండి: 9. నాలుగు మూలల త్రిభుజాలు ఒక్కోటి 1. తీసేస్తే 5. ఇలా 1, 2, 4, 5, 8, 9, 10, 16 అని ఎనిమిది సైజులు దొరుకుతాయి. ఎనిమిదో తరగతికి ఇక్కడే పైథాగరస్ మొదలుపెట్టవచ్చు.

ఏడో తరగతికి పిక్ సూత్రం, అంటే మేకులు లెక్కపెట్టి వైశాల్యం చెప్పడం. ముందు లోపల మేకు లేని ఆకారాలే కట్టించండి. బ్యాండుకి తగిలే మేకు ఒకటి పెరిగితే వైశాల్యం అర పెరుగుతుంది. లోపలి మేకుకి ఒకటి. భుజం మధ్యలో తగిలే మేకుని వదిలేస్తే లెక్క తప్పుతుంది, బ్యాండు తనమీద తాను దాటినా అంతే.

బ్యాండు తీసేముందే ఆకారాన్ని చుక్కల కాగితం మీద దించాలి. ఎండాకాలం బ్యాండ్లు జిగటెక్కుతాయి. టాల్కం పౌడర్ చల్లి రేకు డబ్బాలో పెట్టండి.

భిన్నాల్లో సగం, పావు, ఎనిమిదో వంతు బాగా వస్తాయి. బోర్డు మొత్తంలో మూడో వంతు మాత్రం కట్టలేరు: మేకుల మీద వచ్చే ప్రతి వైశాల్యం అరల లెక్కే, 16లో మూడో వంతు అరల్లో ఇమడదు.