బీపీ చూసే చోటే డిప్రెషన్‌కు వైద్యం: నయీంనగర్ క్లినిక్‌లో సేవ ఎట్లుంది?

"పానం బాగుంటలేదు, నిద్ర పడ్తలేదు, ఒళ్లంతా గుంజుతుంది" అని వస్తే బీకాంప్లెక్స్ గోలీలు రాసి పంపడమే మామూలు. హనుమకొండ నయీంనగర్ దిక్కున్న ఈ చిన్న జనరల్ క్లినిక్‌లో అట్లా పంపరు. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 పట్టికలోని తొమ్మిది ప్రశ్నలూ నర్సు చదివి వినిపిస్తుంది. గత రెండు వారాల్లో "అస్సలు లేదు" అంటే 0, "దాదాపు రోజూ" అంటే 3. మొత్తం 27కి 10, ఆపైన వస్తే డాక్టర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాస్తాడు.

ఈ సేవకు ప్రాణం నర్సు రిజిస్టరే. పేరు, స్కోరు, మందు, మళ్లీ ఫోన్ చేయాల్సిన తేదీ. ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ గోలీ గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం మాత్రం మొదటి వారమే మొదలవుతుంది. చాలామంది మానేసేది అప్పుడే. సరిగ్గా ఆ వారమే ఫోన్ వస్తుంది: "తిన్నాక వేసుకుంటున్నరా?"

రెండు మూడు నెలలకూ స్కోరు సగానికి దిగకపోతే సైకియాట్రిస్టు రిజిస్టర్ చూసి డోసు పెంచమనో మందు మార్చమనో చెప్పాలి. పేషెంట్ ఆయన దగ్గరికి పోనక్కర్లేదు. ఊళ్లో ఎవరన్నా చూస్తారన్న భయం ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. షుగరుతోపాటు డిప్రెషన్ ఉన్నవాళ్లపై ఈ పద్ధతి మన దేశంలో నాలుగు క్లినిక్‌లలో పని చేసిందని 2020లో వచ్చిన అధ్యయనం చూపింది. అందులో ఒకటి విశాఖపట్నంలోది.

ఇక్కడ తేడా కొట్టేదీ ఆ సైకియాట్రిస్టు పనే. వారం వారం జరగాల్సిన సమీక్ష నెలకోసారికి జారింది. స్కోరు 16 దగ్గరే ఆగినవాళ్లకు అదే 10 మిల్లీగ్రాములు నడుస్తున్నాయి. అట్లయితే మిగిలేది ఉత్త ఫోన్లే. చావు ఆలోచనలను అడిగే తొమ్మిదో ప్రశ్నను బీపీ బల్ల దగ్గర, అత్తగారు పక్కనుండగా అడగడం ఇంకా పెద్ద తప్పు. ఏ కోడలైనా "అస్సలు లేదు" అనే అంటుంది.

రిజిస్టర్‌లో మోకాళ్ల నొప్పి గోలీలకు గడి లేదు. మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ ఈ డిప్రెషన్ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బీపీకి నీళ్ల గోలీ (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునే పెద్దవాళ్లకు ఈ మందుతో రక్తంలో సోడియం పడిపోవచ్చు, రెండు మూడు వారాలకు ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. బాగైందనిపించినా ఇంకో ఆరు నెలలు గోలీ ఆపొద్దన్న మాట మాత్రం చిట్టి మీదే రాసిస్తున్నారు, అది మెచ్చుకోవాలి.

నర్సు సెలవులో ఉంటే ఫోన్లు రావు. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి, రాత్రిపూట కూడా తెలుగులో మాట్లాడతారు.