మోటారుకు ఫోను చేసిన ఎనిమిదేళ్ళు: మొబైల్ స్టార్టర్ గురించి నా అనుభవం

మా చీనీ తోటలో బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టించి 2025 జూన్‌కు ఎనిమిదేళ్ళు నిండాయి. బత్తాయిని మా అనంతపురం వైపు చీనీ అంటాం. 4 ఎకరాల తోట, 550 అడుగుల బోరు, ఏడున్నర హెచ్‌పీ మోటారు. 2017లో డబ్బాకు 5,800 రూపాయలు, బిగించిన మెకానిక్‌కు 300 ఇచ్చాం. ఏ కంపెనీదో రాయడం లేదు. ఈ డబ్బాలన్నీ దాదాపు ఒకే తీరులో పనిచేస్తాయి. అలాంటి డబ్బాను ఒకరు ఏళ్ళ తరబడి ఎందుకు వాడతారు, ఇంకొకరు ఆరు నెలలకే ఎందుకు పక్కన పెడతారు అన్నదే నాకు ముఖ్యం. అప్పట్లో మా తోట చుట్టుపక్కల తొమ్మిది మంది దీన్ని పెట్టించారు. ఇవాళ నడుస్తున్నవి నాలుగే.

ఎప్పుడూ చూడనివారికి రెండు మాటలు. పాత స్టార్టర్ డబ్బా పక్కనే ఇంకో చిన్న డబ్బా బిగిస్తారు. అందులో సిమ్ కార్డు ఉంటుంది. మనం ఫోను చేస్తే అది ఎత్తుతుంది. మన నంబరు అందులో నమోదై ఉంటే "మోటారు ఆగి ఉంది, ఆన్ చేయడానికి ఒకటి నొక్కండి" అని తెలుగులోనే చెబుతుంది. ఒకటి నొక్కితే లోపలి రిలే, మన వేలు పచ్చ మీటను నొక్కినట్టే, ఒక క్షణం పాటు తీగలను కలుపుతుంది. అవతల మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు ఠప్పున పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. ఆపడానికి మూడు నొక్కాలి. త్రీ ఫేజు కరెంటు వచ్చినప్పుడు, పోయినప్పుడు, ఒక ఫేజు తప్పినప్పుడు అదే మనకు ఫోను చేస్తుంది.

ఆటో స్టార్టర్ అని ఇంకొకటి ఉంది. రెండింటినీ కలిపి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అది మనల్ని అడగదు. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసేస్తుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే అది కాలిపోవడానికి ఎంతో సేపు పట్టదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు రైతులకు పదే పదే చెప్పింది అందుకే. ఉన్న కాస్త భూగర్భజలం వృథాగా పోతుందన్న భయం కూడా ఉంది. మొబైల్ స్టార్టర్‌లో నిర్ణయం మన చేతిలోనే ఉంటుంది.

ఇక నేనెందుకు కొన్నానంటే, అప్పట్లో మా పొలాలకు వచ్చే కరెంటు లైనుకు (ఫీడరుకు) రోజుకు 7 గంటల కరెంటు, అదీ రెండు విడతలుగా. ఒక వారం రాత్రి ఎక్కువ, మరుసటి వారం పగలు ఎక్కువ. మా ఆయన లారీ మీద వెళ్తే పది రోజులకు గానీ ఇంటికి రారు. మామయ్యకు మోకాళ్ళ నొప్పులు. రాత్రి ఒంటిగంటకు టార్చిలైటు పట్టుకుని, వేరుశనగ చేల గట్ల మీదుగా అర కిలోమీటరు నడిచి వెళ్ళి మోటారు వేసేది నేనే. టార్చి వెలుగు అన్నం పళ్ళెమంత. దాని అవతల ఏముందో కనిపించదు. పాదం గట్టిగా మోపుతూ నడవమని, ఆ అదురుకు పాము తప్పుకుంటుందని అత్తయ్య నేర్పింది. మా చేలలో కట్లపాములూ ఉన్నాయి, రక్తపింజరులూ ఉన్నాయి. షెడ్డు చేరాక ఇంకో భయం. వానాకాలంలో ఇనుప డబ్బా తడిసి ఉంటుంది, కాళ్ళ కింద బురద. అక్కడ ఒక ఎండు చెక్క పలక పెట్టుకున్నాను. దాని మీద నిలబడి, ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకుని, కుడిచేతి వేలితో పచ్చ మీట నొక్కేదాన్ని. మోటారు లేచిన చప్పుడు విన్నాకే ఊపిరి వదిలేదాన్ని.

దుకాణంలో ఇచ్చిన కరపత్రంలో మాత్రం మొదటి వరుసలోనే 'విద్యుత్ ఆదా' అని రాసి ఉంది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి తొలి సంతకం పెట్టింది రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద. బిల్లే కట్టని రైతుకు కరెంటు ఆదా అవుతుందని చెబితే చేయి జేబులోకి వెళ్ళదు. ఆ కరపత్రం రాసినవారు రాత్రి ఒంటిగంటకు ఎవరి చేనులోనూ నడిచి ఉండరు. 'రాత్రి పొలానికి పోనక్కరలేదు' అని ఒక్క ముక్క రాసి ఉంటే మా ఊళ్ళో ఆడవాళ్ళు ముందుగా కొనిపించేవారు.

బిగించిన మొదటి రాత్రి మంచం మీద కూర్చుని ఒకటి నొక్కాను. "మోటారు ఆన్ అయింది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంగా వేసిందా లేదా అని. తెల్లారి వెళ్ళి పాదుల్లో తడి చూసుకున్నాక గానీ మనసు కుదుటపడలేదు. వారం రోజులు అలాగే వెళ్ళి చూశాను. యంత్రం మీద నమ్మకం కుదిరింది ఆ వారంలోనే. మొదటి వారంలోనే రెండుసార్లు సిగ్నల్ అందక మొండికేసి ఉంటే నేనూ మానేసేదాన్నేమో.

మామయ్యది వేరే కథ. రెండేళ్ళు ఆయన ఆ డబ్బాను తాకలేదు. ఫోను చేయడం రాక కాదు. కీప్యాడ్ ఫోనులో ఐదో అంకె నొక్కి పట్టుకుంటే మోటారుకు ఫోను వెళ్ళేలా పెట్టి ఇచ్చాను, దానికన్నా సులువు ఇంకేముంటుంది? అయినా పొద్దున్నే కర్ర పట్టుకుని కుంటుకుంటూ షెడ్డుకు నడిచేవారు. "మోటారు తిరుగుతోందని అది చెబుతుందమ్మా, నీళ్ళు వస్తున్నాయని చెప్పదు కదా" అనేవారు. నేను దాన్ని పెద్దవాళ్ళ పట్టుదల అనుకున్నాను. అక్కడ పొరబడ్డాను.

2019 వేసవిలో ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు డబ్బా ఫోను చేసింది. "డ్రై రన్, మోటారు ఆగింది" అని. అంటే నీళ్ళు అందకుండా మోటారు ఉత్తినే తిరుగుతోందని. మామయ్య నమ్మలేదు, షెడ్డుకు వెళ్ళి చేత్తో మోటారు వేశారు. పైపు చివర నీళ్ళు ఒక్క గుటక వచ్చాయి, తర్వాత గాలి. మళ్ళీ ఒక గుటక, మళ్ళీ గాలి. ఆయన చూపు మాత్రం పైపు మీద లేదు. స్టార్టర్ డబ్బాకున్న ఆంపియర్ల మీటరు ముల్లు మీద ఉంది. మామూలుగా 15 దగ్గర నిలబడే ముల్లు 9కి జారింది. వెంటనే ఎర్ర మీట నొక్కేశారు.

అప్పుడు అడిగారు: "అమ్మా, ఈ ముల్లు పడిపోయిందని దానికెలా తెలిసింది?"

మోటారు లాగే కరెంటును అది కూడా కొలుస్తుందని, నీళ్ళు అందనప్పుడు మోటారు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయని, మనం పెట్టిన హద్దు కంటే తగ్గితే ఆపేస్తుందని చెప్పాను. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన పొద్దున్నే షెడ్డుకు వెళ్ళింది మోటారు వేయడానికి మాత్రమే కాదు, ఆ ముల్లు చూడడానికి. ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి బోరులో నీళ్ళ మట్టం, ఆ రోజు వోల్టేజీ, మోటారు ఆరోగ్యం అన్నీ అంచనా కట్టేవారు. నేను కొన్న యంత్రం ఆయనకు నడక తప్పించింది, ఆ చూపును కూడా తీసేసుకుంది. మీట నొక్కడం సులువైందని నేను మురిసిపోతుంటే, ఆయనకు కావలసిన వార్త ఆగిపోయింది.

ఫోనులో నాలుగు నొక్కితే ఆంపియర్లు, వోల్టేజీ చదివి వినిపిస్తుందని మెకానిక్ మాకు చెప్పనేలేదు. దుకాణానికి ఫోను చేసి అడిగితే తెలిసింది. ఆ సాయంత్రం మామయ్యకు చూపించాను. మరునాటి నుంచి ఐదో అంకె నొక్కి పట్టుకోవడం ఆయన పనే అయింది.

రెండేళ్ళ క్రితం వ్యవసాయ విద్య చదివే ఒక అమ్మాయి ప్రశ్నావళితో మా ఊరికి వచ్చింది. ఈ పరికరం మీకు ఎంత ఉపయోగం, ఎంత సులువు, ఒకటి నుంచి ఐదు వరకు చెప్పమంది. ఇలా అడగడం వెనుక ఒక సిద్ధాంతం ఉందట. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు, మనిషి కొత్త సాంకేతికతను ఒప్పుకోవడం ప్రధానంగా ఈ రెండింటి మీదే ఆధారపడుతుందని ప్రతిపాదించాడు. 2003లో డేవిస్, విశ్వనాథ్ వెంకటేశ్ అనే ఇంకో పరిశోధకుడు, మరికొందరు కలిసి, చుట్టూ ఉన్నవారి ప్రభావాన్ని, వెనక ఉండే సదుపాయాలను కూడా లెక్కలోకి తెచ్చారు. ఆ అమ్మాయి ఓపికగా వివరించింది, నాకు నచ్చింది కూడా. కానీ మామయ్య కాగితంలో ఏ అంకె వేయాలో తేలలేదు. సులువుకు ఐదు. ఉపయోగం అంటే, 2019 మే దాకా ఆయనకు సున్నా, జూన్ నుంచి ఐదు. డబ్బా అదే, మనిషి ఆయనే. ఆయన రోజూ వేసుకునే ప్రశ్నకు జవాబు దొరకడమే మధ్యలో జరిగినది. ఆ అమ్మాయి దాన్ని కాగితం వెనక వైపు రాసుకుంది.

వెనక ఉండే సదుపాయాలు అన్న మాట మాత్రం అక్షరాలా నిజం. మా చుట్టుపక్కల ఆగిపోయిన ఐదు డబ్బాల్లో మూడింట్లో యంత్రానికి ఏమీ కాలేదు, సిమ్ ఆగిపోయింది. మేం కొన్నప్పుడు ఒకసారి సిమ్ వేస్తే ఇన్‌కమింగ్ ఏళ్ళ తరబడి నడిచేది. 2018 చివర్లో టెలికాం సంస్థలు ఇన్‌కమింగ్‌కు కూడా నెలనెలా కనీస రీఛార్జి ఉండాలన్నాయి. ఇంట్లో ఫోన్లకే కష్టమైన చోట మోటారుకు 28 రోజులకోసారి రీఛార్జి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఒకరు ఖర్చు తక్కువని జియో సిమ్ తెచ్చి వేశారు. డబ్బాలో ఉన్నది 2జీ మోడెం, జియోకు 2జీయే లేదు. అది పనిచేయకపోయేసరికి డబ్బానే పాడైందని ఊరంతా చెప్పారు. ఆ మాట విని కొనబోయినవాళ్ళు ఇద్దరు ఆగిపోయారు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డేటా లేకుండా మాటలకు, సందేశాలకు మాత్రమే ప్యాకులు ఇవ్వాలని, 365 రోజుల వరకు గడువు పెట్టవచ్చని నిబంధన తెచ్చింది. ఇప్పుడు నేను వేస్తున్నది అలాంటి ప్యాకే. అది ఆరేళ్ళ ముందు వచ్చి ఉంటే మా పక్క చేను డబ్బాలో బల్లులు గుడ్లు పెట్టేవి కావు.

మిగిలిన రెండింటిలో ఒకటి పిడుగుకు పోయింది. రెండోది యజమాని బెంగుళూరు వెళ్ళిపోతే ఆగింది. అందులో ప్రధాన నంబరు ఆయనదే. కొత్త నంబరు చేర్చాలంటే ఆ నంబరు నుంచే ఇంగ్లిష్ అక్షరాల్లో సందేశం పంపాలి. మా ఇంట్లోనూ మెకానిక్ ఏమీ అడగకుండా మా ఆయన నంబరునే ప్రధానంగా పెట్టి వెళ్ళాడు. పొలంలో ఉండేది నేను. నా నంబరు అందులోకి ఎక్కడానికి నాలుగు రోజులు, మూడు తప్పు సందేశాలు పట్టాయి. అమ్మేవారికి నా విన్నపం ఇదే. బిగించేముందు 'రాత్రి మోటారు ఎవరు వేస్తారు?' అని అడగండి, ఆ మనిషికే నేర్పండి.

దీని లోపాలు కూడా చెప్పాలి. మోటారు సంగతే దీనికి తెలుసు, పైపు సంగతి తెలియదు. ఒకసారి డ్రిప్పు పైపు కీలు ఊడి రాత్రంతా నీళ్ళు పక్కవారి టమాటా మడిలోకి పారాయి. డబ్బా మాత్రం అంతా బాగుందనే చెప్పింది. తోటను నాలుగు భాగాలుగా చేసి తడుపుతాం. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి గేటు వాల్వు తిప్పాలంటే మనిషి వెళ్ళాల్సిందే. ఐదు నంబర్లు చేర్చుకోవచ్చు, కానీ ఎవరు వేశారో ఎవరు ఆపారో మిగతావారికి చెప్పదు. మా ఆయన హుబ్బళ్ళి నుంచి ప్రేమ కొద్దీ మోటారు వేస్తే, నేను ఎరువు కలుపుతున్న ఫిల్టరు మూత మీద నీళ్ళు చిమ్మాయి. అప్పటి నుంచి ముందు నాకు చెప్పి, తర్వాతే మోటారుకు ఫోను చేయాలన్నది మా ఇంటి కట్టుబాటు. డబ్బాలోని బ్యాటరీ మూడేళ్ళకోసారి మార్చాలి. చీమలు దూరకుండా తీగలు వెళ్ళే కన్నాన్ని సబ్బుముక్కతో మూయండి, నాకు బాగా పనిచేసింది.

మేం డబ్బా కొన్న కొన్నేళ్ళకు వ్యవసాయానికి పగటిపూటే 9 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. రాత్రి నడక తప్పింది. నేను దీన్ని కొన్న కారణమే పోయింది. అయినా ఒక్కరోజు కూడా తీసేద్దామనిపించలేదు. పాప కాలేజీ ఫీజు కట్టడానికి అనంతపురంలో వరుసలో నిలబడి మోటారు ఆపాను. అత్తయ్యను ఆసుపత్రిలో ఉంచిన పన్నెండు రోజులూ తోట ఎండలేదు. ఇవేవీ కొన్నప్పుడు నా ఊహలో లేవు.

మరిది వాళ్ళ తోటలో కొత్త రకం చూశాను. స్మార్ట్‌ఫోనులో యాప్, 4జీ సిమ్, రోజువారీ గ్రాఫులు. చూడటానికి బాగుంది. చేతికి బురద అంటి ఉన్నప్పుడు తెర పలకదు, మామయ్య కీప్యాడ్ ఫోనుకు అసలే అందదు. ఫోను చేసి అంకె నొక్కే పద్ధతి కూడా అందులో ఉంటేనే తీసుకోండి. ఆపదకు పాత పచ్చ, ఎర్ర మీటలు పనిచేసేలా ఉంచమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి. మా డబ్బా రెండుసార్లు మూలపడినా తోట తడి ఆగకపోవడానికి ఆ మీటలే కారణం.

మాది ఇప్పుడు ముసలిదైంది. సిగ్నల్ అందక ఒక్కోసారి నాలుగుసార్లు ఫోను చేయాల్సి వస్తోంది. ఈ దీపావళి తర్వాత 4జీది కొందామనుకుంటున్నాం. ఏది కొనాలో నన్నే చూడమన్నారు మామయ్య. ధర ఎంతని అడగలేదు, ఏ కంపెనీదని అడగలేదు. ఆంపియర్లు తెలుగులో చెబుతుందో లేదో దుకాణంలోనే ఫోను చేసి విని రమ్మన్నారు.