మున్సిపాలిటీ గ్రాంట్‌తో నడిచే మెంటారింగ్ సెంటర్: పిల్లగాన్ని పంపొచ్చా?

మా మేనల్లుడు పోతున్న సెంటర్ ఎట్లుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఊరు పేరు, సంస్థ పేరు వద్దులెండి. పాలమూరు వైపు ఓ చిన్న టౌన్, వార్డు కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున నడుస్తుంది, డబ్బు మున్సిపాలిటీది, నడిపేది ఓ స్వచ్ఛంద సంస్థ. మెంటార్‌కు, అంటే ఒక్కో పిల్లగాడికి తోడుగా ఉండి దారి చూపే అన్నకు, ఐదుకు నాలుగున్నర ఇస్తా. నడిపే తీరుకు రెండు, అదీ మొహమాటానికి.

మా అక్కాబావ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెలో బిల్డింగ్ పనికి పోయారు, పిల్లగాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. తొమ్మిదిలో బడి మానేశాడు. పగలు బైక్ మెకానిక్ షెడ్డు, చీకటి పడితే బస్టాండ్ వెనక బ్యాచ్, ఆ బ్యాచ్‌లో గంజాయి మాట వినబడేసరికి మా ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలైంది.

సెంటర్‌లో వీడికి మెంటార్‌గా ఇచ్చిన అన్న కరెంటు పని చేసుకునే కుర్రాడు. నేను ఏదో కౌన్సెలింగ్ ఇస్తాడనుకున్నా గానీ, ఆయన తన బండి చైన్ లూజైందని షెడ్డుకే వచ్చి అక్కడే స్టూల్ మీద కూర్చున్నాడు. చాలా రోజులు బడి ఊసే ఎత్తలేదు. ఓసారి స్పేర్ పార్ట్స్ బిల్లు చేతికిచ్చి "ఇందులో జీఎస్టీ ఎంత పడిందో నువ్వే చెప్పురా" అన్నాడట, వీడికి శాతాలు రావు, సెల్లు తీయబోతే వద్దన్నాడు, ఇద్దరూ అట్టముక్క మీద బాల్‌పెన్నుతో లెక్క కట్టారు. ఆ అట్టముక్క నుంచే ఓపెన్ స్కూల్ దాకా వచ్చాడు. 14 నిండితే పదోతరగతికి కట్టొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు, ఫారం నింపించింది కూడా ఆయనే.

ఇక డబ్బు సంగతి. ప్రారంభానికి ఫ్లెక్సీలు, శాలువాలు, పిల్లలందరికీ టీషర్టులు. టీషర్టు వీపున మత్తు మానండి అని పెద్దక్షరాలు! అది తొడుక్కుని వీధిలో పోతే పిల్లగాడు గంజాయి కేసని ఊరంతా అనుకోదా? వీడు ఒక్కసారి కూడా వేసుకోలేదు, అమ్మమ్మ బియ్యం డబ్బా తుడుస్తోంది. ఇంత ఖర్చు పెట్టినోళ్లు మెంటార్లకు పెట్రోల్ డబ్బులు మాత్రం నెలల తరబడి ఆపారు. మార్చి దాటితే గ్రాంట్ మళ్లీ మంజూరు కావాలి, అప్పటిదాకా ఓపిక పట్టలేక ఇద్దరు మెంటార్లు వెళ్లిపోయారు. వాళ్లు చూసుకుంటున్న పిల్లలను వేరే మెంటార్లకు అప్పగించారు, అందులో ఒకడు రావడమే మానేశాడు.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని వందేళ్లు దాటిన సంస్థ ఇదే పని చేస్తుంది. అక్కడి పిల్లల మీద 2002లో వచ్చిన అధ్యయనంలో ఏడాదికి పైగా ఒకే మెంటార్‌తో ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది, మూడు నెలల్లోపే మెంటార్ దూరమైన పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గింది. అంటే సగంలో ఆపేసేటట్టయితే మొదలు పెట్టకపోవడమే నయం. మన తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో మొక్కలకు బడ్జెట్‌లో 10 శాతం అని రాసిపెట్టారు, మంచిదే, నీడ కావాలి. ఇట్లాంటి పిల్లల కోసం కూడా అట్లా ఓ వాటా పక్కన పెడితే ప్రతి ఏడాది కౌన్సిలర్ల వెంట తిరిగే బాధ తప్పుతుంది.

పంపాలా అంటే పంపండి. కాకపోతే చేర్పించే ముందు ఆఫీసాయనతో కాదు, మెంటార్‌తోనే మాట్లాడండి, వచ్చే ఏడాది కూడా ఉంటావా తమ్మీ అని సూటిగా అడగండి. ఆడపిల్లలకు ఇంకా బ్యాచ్ పెట్టలేదు, మహిళా మెంటార్లు దొరకట్లేదంటున్నారు. ముహూర్తాల రోజుల్లో హాలు పెళ్లికి ఇచ్చేస్తారు, కాబట్టి ముందురోజు ఫోన్ చేసి కనుక్కుని పోండి.