నాలుగు సీజన్ల తర్వాత చేపలు పట్టే నా 2500 సైజు ఫినెస్ రీల్ సంగతి

కంపెనీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇక్కడ నేను తిట్టేవీ మెచ్చుకునేవీ ఈ తరగతి రీళ్లలో చాలావాటికి వర్తిస్తాయి. నాది 2500 సైజు స్పిన్నింగ్ రీల్ (స్పూల్ కదలకుండా ఉంటే దాని చుట్టూ దారం చుట్టుకునే రకం), లోతు తక్కువ స్పూల్ (దారం చుట్టుకునే చక్రం), గేర్ రేషియో 6.2:1, అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే దారం 6.2 చుట్లు చుట్టుకుంటుంది, బరువు 215 గ్రాములు. 7 అడుగుల మీడియం లైట్ రాడ్‌కి బిగించి, 10 పౌండ్ల బరువు ఓర్చే బ్రెయిడ్ (అల్లిన దారం) చుట్టి, చివర 6 పౌండ్లు ఓర్చే ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర కట్టే పారదర్శకమైన చివరి దారం) కట్టి నాలుగు సీజన్లుగా వాడుతున్నాను. డ్రాప్ షాట్, నెడ్ రిగ్, వాకీ రిగ్, అంటే సన్న దారంతో చిన్న ఎరలు వేసే ఫినెస్ పద్ధతులు, దీంతో నేను చేసేది ఇవే.

దీనికి ముందు తెలివితక్కువగా 1000 సైజు కొన్నాను. సన్న దారం, చిన్న ఎర కాబట్టి రీల్ కూడా బుల్లిగా ఉండాలనుకున్నా. కానీ స్పూల్ చిన్నదైతే దారం బిగుతు చుట్ల ఆకారంలోనే ఉండిపోయి స్ప్రింగులా బయటికొస్తుంది, ముఖ్యంగా ఫ్లోరోకార్బన్, అదీ చల్లటి పొద్దుల్లో. విసిరిన ఎర అనుకున్నంత దూరం పోదు, నీళ్లమీద దారం మెలికలు మెలికలుగా పడి ఉంటుంది, చేప ముట్టిందో లేదో తెలియదు. 2500 స్పూల్ వ్యాసం పెద్దది కాబట్టి ఈ బాధ చాలావరకు పోయింది. అయితే ఆ నంబర్‌ని గుడ్డిగా నమ్మొద్దు, ఒక కంపెనీ 2500 ఇంకో కంపెనీ 2500తో సమానం కాదు. షిమానోలో నంబర్ ముందు ‘సి’ ఉంటే బాడీ చిన్నదని అర్థం, డైవా అయితే 2018లో ఎల్‌టీ (లైట్ అండ్ టఫ్) రీళ్లతో నంబర్ల లెక్కే మార్చేసింది. స్పూల్ చూసి, బరువు చూసి కొనండి.

ఇక అసలు విషయం డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారం తెగకుండా కాస్త జారనిచ్చే బ్రేకు. పెట్టె మీద గరిష్ఠ డ్రాగ్ 9 కిలోలు అని గొప్పగా వేస్తారు, పేరు గొప్ప ఊరు దిబ్బ. నా లీడర్ ఓర్చే 6 పౌండ్లంటే దాదాపు 2.7 కిలోలు, అందులో నేను పెట్టుకునేది పావు వంతు నుంచి మూడో వంతు, అంటే 700 నుంచి 900 గ్రాములు. మిగతా ఎనిమిది కిలోలతో నాకేం పని? కావాల్సింది ఆ తక్కువ బిగింపులో డ్రాగ్ ఎలా కదులుతుందన్నదే. స్మాల్‌మౌత్ బాస్ చేప పడవ దాకా బుద్ధిగా వచ్చి, మనల్ని చూడగానే ఒక్కసారిగా కిందికి దూకుతుంది చూడండి, ఆ క్షణంలో డ్రాగ్ ఒక్క పిసరు పట్టేసినా లీడర్ తెగుతుంది. పాత రీల్‌తో అలా ఎన్ని పోగొట్టుకున్నానో. ఈ రీల్‌తో ఆ రకంగా తెగింది నాకు గుర్తున్నంతలో ఒక్కసారే, అప్పుడు కూడా లీడర్ రాయికి రాసుకుని ఉంది. కొనే ముందు రాడ్‌కి తగిలించి, డ్రాగ్ వదులుగా పెట్టి, దారాన్ని మెల్లగా లాగి చూడండి. రాడ్ కొన ఒకే వంపులో నిలబడి ఉంటే మంచిదే, వంగి లేచి వంగి లేచి ఎగురుతుంటే అక్కడే పెట్టేసి రండి.

డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పే అలవాటు ఉంటే మానుకోండి. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే దారానికి గేర్ రేషియో ఎంతో అన్ని మెలికలు పడతాయి, నా రీల్‌కైతే ఆరు పైనే. తర్వాత దారం ముడులు పడిందని రీల్‌ని తిట్టి లాభం లేదు. ఎర విసిరాక బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి పట్టే తీగ) కూడా చేత్తోనే మూయండి.

నేను నిజంగా తిట్టాల్సింది లైన్ రోలర్‌ని, అంటే దారం స్పూల్ వైపు మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రాన్ని. రెండో సీజన్ మధ్యలో బ్రెయిడ్ ఊరికే మెలి తిరగడం మొదలైంది. దారం నాసిరకం అనుకుని స్పూల్ మొత్తం విప్పి పారేసి కొత్తది చుట్టాను, రెండు వారాల్లో మళ్లీ అదే కథ. చివరికి చూస్తే రోలర్ అసలు తిరగట్లేదు, లోపల మట్టి చేరి బిగుసుకుపోయింది, దారం దానిమీద జారుతూ వస్తోంది. కడిగి చుక్క ఆయిల్ వేస్తే కొన్నాళ్లు నడిచింది, మూడో సీజన్‌లో ఆ బేరింగ్ మార్చక తప్పలేదు. ఇంత రీల్‌లో ఎక్కువ కష్టపడే బేరింగ్ అదే, సీల్ మాత్రం అంతంత మాత్రం. మొత్తం బేరింగులు తొమ్మిదా ఆరా అని వాదించుకునేవాళ్లు ఆ ఒక్కదాని సంగతి అడగరు.

ఇంకో తప్పు నాదే. ఆయిల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని వన్-వే క్లచ్‌లోకి (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే భాగం) కూడా పోశాను. మర్నాడు చేప కొరకగానే రాడ్ ఎత్తితే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగింది, చేప హాయిగా వెళ్లిపోయింది. క్లచ్ తుడిచి ఆరబెట్టాక బాగైంది.

గేర్ రేషియో గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఈ పద్ధతుల్లో ఎరని ఆడించేది రాడ్ కొన, రీల్ పని వదులు దారం చుట్టుకోవడమే. ఒక్కో చుట్టుకి దాదాపు 90 సెంటీమీటర్లు లాగుతుంది కాబట్టి చేప మనవైపే పరుగెత్తుకొచ్చినా దారం వదులు కాదు.

మధ్యలో ఒక సీజన్ బీఎఫ్‌ఎస్ బెయిట్‌కాస్టర్ (తేలికపాటి ఎరల కోసం చేసిన, విసిరినప్పుడు స్పూలే తిరిగే రకం రీల్) కూడా వాడాను. చెట్ల కొమ్మల కిందికి, సందుల్లోకి గురిగా వేయడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎదురుగాలిలో 3 గ్రాముల ఎర వేస్తే దారం స్పూల్ మీదే పిచ్చుక గూడు కట్టేది. పైగా స్పిన్నింగ్ రీల్‌లో బెయిల్ తెరిస్తే ఎర ఏ అడ్డూ లేకుండా నిట్టనిలువుగా దిగుతుంది, అక్కడ స్పూల్ తిరగాలి కాబట్టి కాస్త వెనక్కి లాగినట్టవుతుంది. నేను ఎక్కువగా లోతు నీళ్లలోనే వేస్తాను, అందుకే అమ్మేశాను.

కొత్తగా చుట్టేవాళ్లకి ఒక మాట, బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్ మీద చుడితే మొత్తం చుట్టే గుండ్రంగా జారుతుంది, డ్రాగ్ పాడైందనుకుంటారు. అడుగున కొన్ని చుట్లు మోనో (మామూలు నైలాన్ దారం) వేసి దానిమీద చుట్టండి, అంచుకి 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.

ఇప్పుడు గేర్ల నుంచి చిన్న గరగర వినిపిస్తోంది, చేతికి మాత్రం పెద్దగా తెలియట్లేదు. ఈ ఏడాది హెయిర్ జిగ్ (వెంట్రుకలు కట్టిన ఎర) మెల్లగా లాగడానికని ఇదే మోడల్ 5.2:1లో రెండోది తీసుకున్నాను. పెట్టె తెరవగానే ముందు రోలర్ విప్పి ఆయిల్ వేశాకే దారం చుట్టాను.