జీఐఎస్సా, బిమ్మా? రోడ్డు పనికి ఏది?

హైవే పనికి జీఐఎస్ (భూమి వివరాలన్నీ మ్యాపు మీద చూపే సాఫ్ట్‌వేర్) చాలదా, మళ్లీ బిమ్ (కట్టడాన్ని భాగాల వివరాలతో సహా 3డీలో గీసే పద్ధతి) ఎందుకు అంటుంటారు కదా, అసలు రెండూ చూసేవే వేరు. జీఐఎస్ అంతా పైనుంచి చూస్తుంది, ఊళ్లు, చెరువులు, సర్వే నంబర్లు, వరద ఎక్కడిదాకా వస్తుంది, ఎవరి పొలం పోతుంది, ఇవన్నీ దాంట్లో తేలిపోతాయి కానీ బ్రిడ్జి పియర్‌కి (స్తంభానికి) స్టీలు ఎంత పడుతుందో అడిగితే నోరు మెదపదు. బిమ్ దీనికి ఉల్టా. స్టీలు, కాంక్రీటు, బేరింగులు అన్నీ లెక్క చెప్తుంది, ఆ పియర్ చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దులో) పడిందని మాత్రం దానంతట దానికి తెలీదు.

కలిపి వాడొచ్చుగా అంటే వాడొచ్చు, జీఐఎస్ సాఫ్ట్‌వేర్ చేసే ఎస్రీ, బిమ్ సాఫ్ట్‌వేర్ చేసే ఆటోడెస్క్ 2017లోనే చేతులు కలిపాయి. తలనొప్పంతా కోఆర్డినేట్లతోనే. బిమ్ మోడల్ మామూలుగా నేల చదును అనుకుని గీస్తారు, జీఐఎస్ మ్యాపేమో చాలాసార్లు యూటీఎంలో (గుండ్రటి భూమిని జోన్లుగా విడగొట్టి చదును మ్యాపుగా మార్చే పద్ధతిలో) ఉంటుంది, విజయవాడ పడే 44వ జోన్ మధ్యగీత దగ్గర స్కేల్ 0.9996, అంటే 1 కిలోమీటరుకి 40 సెంటీమీటర్లు తేడా! చిన్న బిల్డింగ్‌కి పర్లేదు గానీ 30 కిలోమీటర్ల రోడ్డుకి 12 మీటర్లు గల్లంతే. (ఇచ్ఛాపురం దాకా వెళ్తే జోనే మారిపోతుంది, అదింకో గోల.)

నన్నడిగితే అలైన్‌మెంట్ (రోడ్డు ఎటు వెళ్లాలన్నది), భూసేకరణకి జీఐఎస్, స్ట్రక్చర్లకి బిమ్, రెండిటికీ కంట్రోల్ పాయింట్లు (కొలతలకి ఆధారంగా పెట్టుకునే స్థిర గుర్తులు) మాత్రం మొదటిరోజే ఒకటే పెట్టుకోండి. ఒక్క కల్వర్టు కోసమైతే ఇదంతా వద్దు, ఆటోక్యాడ్‌లో మామూలు డ్రాయింగ్ చాలు.