ఇంటిపేర్లు రాళ్ళకెక్కిన చోటు: ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు రోజులు

జర్మనీలో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవని మా అబ్బాయి చెప్పనే చెప్పాడు. నేనే చెవికెక్కించుకోలేదు. హైడెల్‌బర్గ్‌లో వాడి దగ్గర నెల్లాళ్ళు ఉండి, తిరుగు ప్రయాణానికి ముందు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు రోజులు ఆగాం. హైదరాబాద్‌కి నేరుగా విమానం అక్కడినుంచే. మొదటిరోజే, అదీ సోమవారం పొద్దున్నే, 11వ నంబర్ ట్రామ్ ఎక్కి బ్యోర్నెప్లాట్స్ దగ్గర దిగి, ఆ ఊరి యూదుల చరిత్ర చూపించే యూడెన్‌గాసె మ్యూజియం ముందు నిలబడ్డాం. తలుపు వేసి ఉంది.

"బయల్దేరే ముందు ఫోన్లో చూసుకోవచ్చు కదండీ" అంది మా ఆవిడ. నిజమే మరి.

అయినా ఆ పూట వృథా పోలేదు. మ్యూజియం పక్కనే పాత యూదుల సమాధుల తోట. దాని చుట్టూ ఉన్న గోడకు బయటివైపు చిన్న చిన్న ఉక్కు దిమ్మలు వరసలు వరసలుగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కొక్కటీ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మొత్తం 11,900కు పైనే. ఒక్కో దిమ్మ మీద ఒక మనిషి పేరు, పుట్టిన తేదీ, తెలిసినంత వరకు చనిపోయిన తేదీ, తీసుకుపోయిన శిబిరం పేరు. నాజీల చేతుల్లో ప్రాణాలు పోయిన ఈ ఊరి యూదులు వీళ్ళు. 1996లో ఏర్పాటు చేశారు. ఇంటిపేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు.

నాజీలకు చిక్కకుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్‌ది ఆమ్‌స్టర్‌డామ్ అనే చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పుట్టింది ఈ ఊళ్ళోనే, 1929లో. ఆమె దిమ్మ, అక్క మార్గట్ దిమ్మ, తల్లి ఎడిత్ దిమ్మ ఇక్కడున్నాయి. యూదులు సమాధుల దగ్గర పూలకు బదులు రాయి పెట్టి వస్తారు. ఆ అలవాటు చొప్పున ఈ దిమ్మల మీద కూడా ఎవరెవరో గులకరాళ్ళు పెట్టి వెళ్ళారు. ఆన్ దిమ్మ మీద ఇంకోదానికి చోటు లేదు. మా ఆవిడ కింద వెతికి ఒక రాయి ఏరుకొచ్చి, దూరంగా ఖాళీగా ఉన్న దిమ్మ మీద పెట్టింది. ఎవరిదని అడిగాను. "ఏమో, దీని మీద ఎవరూ పెట్టలేదని పెట్టాను" అంది.

ఈ గోడకు టికెట్ లేదు, వేళలు లేవు. విమానం మారడానికి నాలుగైదు గంటలు దొరికిన వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళొచ్చు.

ఆ మధ్యాహ్నం ర్యోమర్ చౌక్ వైపు నడిచాం. అందరూ ఫొటోలు దిగే చోటు. 1944 బాంబుదాడుల్లో పోయిన పాతబస్తీలో కొంత భాగాన్ని 2018 నాటికి మళ్ళీ కట్టారు. అందులో 15 ఇళ్ళు అచ్చం పాతవాటిలాగే. పనితనానికి వంక పెట్టలేం, కానీ నాకు రామోజీ ఫిల్మ్ సిటీ గుర్తొచ్చింది. గంట చాలు.

బస సంగతి. ప్రధాన రైల్వే స్టేషన్ ఎదుట వీధుల్లో ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. ఎయిర్‌పోర్టుకు ఎస్8, ఎస్9 రైళ్ళలో పావుగంటలోపే, అదొక్కటే దానికి సుగుణం. లిఫ్ట్ పనిచేయలేదు. మూడో అంతస్తుకు రెండు పెద్ద పెట్టెలు నేనే మోశాను. కౌంటర్లో అబ్బాయి "సారీ" అన్నాడు గాని చెయ్యి మాత్రం వెయ్యలేదు. చీకటి పడ్డాక ఆ వీధుల్లో మత్తుమందులు తీసుకునే వాళ్ళు మెట్ల మీదే కూర్చుని ఉంటారు. మన జోలికి రారు, కానీ పెద్దవాళ్ళకు టెన్షనే. పైగా ఊళ్ళో ఏదైనా పెద్ద ట్రేడ్ ఫెయిర్ ఉంటే గది అద్దెలు అమాంతం పెరిగిపోతాయి. తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి. మళ్ళీ వెళ్తే నేను కాన్‌స్టాబ్లర్‌వాఖె చుట్టుపక్కల దిగుతాను. అక్కడినుంచి ఈ సమాధుల తోటకు నడిచిపోవచ్చు. తిండికి మాత్రం స్టేషన్ ఎదుట మ్యూన్షెనర్ వీధే నయం. టర్కీ హోటళ్ళు, మన సరుకులు అమ్మే కొట్లు ఉన్నాయి. పెరుగు ప్యాకెట్, ఊరగాయ సీసా కొనుక్కుని గదిలో అన్నం తిన్నాం.

మంగళవారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి తలుపు తీసి ఉంది. సెక్యూరిటీ వాళ్ళు బ్యాగు చూశాకే లోపలికి పంపారు. మ్యూజియం టికెట్ ధర ఆ ఊళ్ళో ఒక పూట భోజనం కన్నా తక్కువే. సమాధుల తోట చూడాలంటే గుర్తింపు కార్డు ఏదైనా కౌంటర్లో ఉంచి తాళంచెవి తీసుకోవాలి. పాస్‌పోర్టు ఇచ్చాను. కౌంటర్లో ఆవిడ అందులో చూసి నన్ను ఇంటిపేరుతో పిలిచి తాళంచెవి చేతిలో పెట్టింది. మా ఇంటిపేరు మా ముత్తాతల ఊరి పేరు. నెలరోజులుగా జర్మనీలో అందరూ నన్ను ఆ ఊరి పేరుతోనే పిలుస్తున్నారు. ఆ ఊళ్ళో మాకిప్పుడు సెంటు భూమి కూడా లేదు.

ఈ ఇంటిపేర్ల సంగతి ఎందుకు ఎత్తానో మ్యూజియం చూస్తే తెలుస్తుంది. యూడెన్‌గాసె అంటే యూదుల వీధి. 1462లో ఫ్రాంక్‌ఫర్ట్ యూదులందరినీ ఇళ్ళు ఖాళీ చేయించి ఊరి గోడవార ఉన్న ఈ ఒక్క సందులోకి నెట్టారు. పొడవు 330 మీటర్లు, వెడల్పు మూడు నాలుగు మీటర్లు. రాత్రిళ్ళు, ఆదివారాలు, క్రైస్తవుల పండగరోజులు వీధి గేట్లకు తాళాలు. మొదట్లో వందకు పైచిలుకు మంది, 1600 దాటాక 3,000 దాకా పెరిగారు. వీధిని పెంచనివ్వలేదు కాబట్టి ఉన్న ఇళ్ళే చీలికలైపోయాయి, పైకి పోయాయి.

ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. ఆ గుర్తే ఇంటికి పేరు, రానురాను అందులో ఉండే వాళ్ళకు ఇంటిపేరు. ఎర్ర డాలు గుర్తున్న ఇంటివాళ్ళు రోత్‌షీల్డ్‌లు (తర్వాత యూరప్‌లో పెద్ద బ్యాంకర్లయిన కుటుంబం), నల్ల డాలు ఇంటివాళ్ళు ష్వార్ట్స్‌షీల్డ్‌లు, ఓడ గుర్తు ఇంటివాళ్ళు షిఫ్‌లు. రోత్‌షీల్డ్‌లు తర్వాత ఆ ఇల్లు మారినా పేరు మాత్రం వెంట వచ్చింది. మనం ఇంటిపేరు అని అంటాం గాని అది చాలాసార్లు ఊరి పేరో, వృత్తి పేరో. వీళ్ళదే అక్షరాలా ఇంటి పేరు.

మ్యూజియం నేలమాళిగలో అలాంటి ఐదిళ్ళ పునాదులు ఉన్నాయి. రాతి ఇల్లు, వేడినీళ్ళ స్నానం, డేగ, ఎర్ర పొట్టేలు, తెల్ల పొట్టేలు: ఇవీ వాటి పేర్లు. మెట్లు దిగి ఆ గోడల మధ్య నడవొచ్చు. శుద్ధి స్నానాల గుంట కూడా చూడొచ్చు. 1987లో నగరపాలక సంస్థ ఇక్కడ ఆఫీసు కట్టబోతే ఇవి బయటపడ్డాయి. ఆఫీసు ఆపి మొత్తం కాపాడాలని జనం తవ్వకం గుంటలో బైఠాయించారు. చివరికి ఐదిళ్ళవి మిగిల్చి పైన ఆఫీసు కట్టేశారు. మ్యూజియం 1992లో తెరిచారు. పైన ఫైళ్ళు, కింద పునాదులు. బాగా చూపించారు, కాదనను, కానీ ఆ రాజీ నాకు మింగుడుపడలేదు.

సమాధుల తోటకు బయటినుంచి వేరే గేటు ఉంది. మగవాళ్ళు తల కప్పుకోవాలి. నేను మంకీ క్యాప్ పెట్టుకున్నాను. తాళం మనమే తీసుకుని, లోపలికి వెళ్ళి, మళ్ళీ మనమే వేసుకోవాలి. మేమిద్దరం తప్ప మనిషి లేడు. సుమారు మూడెకరాల స్థలం, చెట్లు, గడ్డి, అక్కడక్కడా గుంపులుగా ఒరిగిన ఎర్ర ఇసుకరాళ్ళు. గోడ అవతల ట్రామ్ గంట వినిపిస్తూనే ఉంది.

ఇక్కడ మిగిలిన రాళ్ళలో పాతది 1272 నాటిది. 1828 దాకా సమాధులు చేశారు. జర్మనీలో ఇంతకన్నా పాత యూదు సమాధుల స్థలం వర్మ్స్ అనే ఊళ్ళోది ఒక్కటే అంటారు. ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. జర్మనీలో మామూలు శ్మశానాల్లో స్థలం అద్దెకిస్తారు, ఇరవై ముప్ఫై ఏళ్ళు గడిచి గడువు పెంచుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. యూదుల సంప్రదాయంలో సమాధిని కదిలించరు. వాళ్ళు దీన్ని శాశ్వతమైన ఇల్లు అని పిలుస్తారు.

హీబ్రూ చదవడం మాకు రాదు. కానీ కొన్ని రాళ్ళ మీద పైన బొమ్మలు చెక్కి ఉన్నాయి, వీధిలో వాళ్ళ ఇంటికి ఏ గుర్తు ఉండేదో అదే. మ్యూజియంలో పేర్లు చూసి వచ్చాం కాబట్టి ఏదో పిట్ట, ఏదో జంతువు అని పోల్చుకోగలిగాం. అందుకే ముందు మ్యూజియం, తర్వాత ఇది చూడమంటాను. రోత్‌షీల్డ్‌ల వ్యాపారానికి పునాది వేసిన మాయర్ ఆమ్షెల్ సమాధి ఇక్కడే, 1812లో పోయాడు. కొడుకులు యూరప్ రాజధానుల్లో భవంతులు కట్టుకున్నా భార్య గూడులె మాత్రం ఆ ఇరుకు వీధిలోని ఇంట్లోనే 1849లో కన్నుమూసింది. అప్పటికి ఈ సమాధుల తోట మూతపడింది కాబట్టి ఆమె ఆయన పక్కన లేదు.

1614లో ఫెట్‌మిల్ష్ అనే రొట్టెల వ్యాపారి నాయకత్వంలో అల్లరిమూక వీధిని దోచుకున్నప్పుడు జనం పారిపోయి తలదాచుకున్నది ఈ సమాధుల మధ్యనే. మర్నాడు 1,380 మందిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. 1616లో చక్రవర్తి ఫెట్‌మిల్ష్‌కు మరణశిక్ష వేయించి వాళ్ళను తిరిగి రప్పించాడు. ఆ రోజును ఫ్రాంక్‌ఫర్ట్ యూదులు ఒక పండగగా జరుపుకుంటూ వచ్చారు.

ఇంత పెద్ద జాగాలో ఇన్ని తక్కువ రాళ్ళేమిటని మా ఆవిడ అడిగింది. ఒకప్పుడు 6,500 దాకా ఉండేవి. 1942లో నగర మేయర్ ఆదేశంతో పగలగొట్టడం మొదలెట్టారు. మూడింట రెండొంతులు పోయాక పని ఆగింది. ఆపింది జాలి కాదు, ఊరి మీద పడ్డ బాంబులు. తర్వాత కూలిన ఇళ్ళ శిథిలాలు తెచ్చి దీని మీదే పోశారు. గడ్డి మాత్రమే ఉన్న చోట కూడా కింద మనుషులున్నారు. అది తెలిశాక మేమిద్దరం అంచునే నడిచాం.

బయటికొచ్చి తాళం వేశాక మా ఆవిడ సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుంది. "గదికెళ్ళాక స్నానం" అంది. సమాధుల దగ్గరినుంచి వచ్చాక చేతులు కడుక్కోవడం యూదుల్లోనూ ఉందని చెప్పాను. నాకూ పొయ్యమంటే పోసింది.

బుధవారం సగం పూట మిగిలింది. మైన్ నది గట్టున తూర్పుకు నడిచి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అద్దాల టవర్ల దాకా వెళ్ళాం. వాటి కింద ఉన్న పాత కూరగాయల హోల్‌సేల్ మార్కెట్ నేలమాళిగలోనే 1941 నుంచి యూదులను పోగుచేసి రైలెక్కించారు, పదివేల మంది దాకా. లోపలికి గైడుతోనే పంపుతారు. బయట పట్టాల పక్కన కొంత భాగం మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు.

వెళ్ళేవాళ్ళకు: సోమవారం మ్యూజియం ఉండదు, శనివారం యూదుల సమాధుల తోటలు తెరవరు. మ్యూజియానికి గంటన్నర, లోపల తోటకు ముప్పావుగంట పెట్టుకోండి. వానపడితే గడ్డి జారుతుంది, చెప్పులతో వెళ్ళకండి. టోపీ మర్చిపోవద్దు.