పక్షుల కోసం ఏ రూల్ అడగాలి: దీపాలు ఆర్పమనా, గాజు మార్చమనా?

పావురం లాంటి పక్షి వేగంగా వచ్చి కిటికీ అద్దాన్ని గుద్దుకుంటే ఒక్కోసారి దాని అచ్చు అద్దం మీద పడుతుంది. ఈకల మీది సన్నటి పొడి అంటుకుని చాచిన రెక్కలు, తల తెల్లగా కనిపిస్తాయి. నేను మొదటిసారి ఆ అచ్చు చూసినప్పుడు కింద పక్షి లేదు. బతికి ఎగిరిపోయిందిలే అనుకుని ఊరట పడ్డాను. అలా ఎగిరిపోయిన వాటిలో చాలా పక్షులు లోపల తగిలిన దెబ్బకు తర్వాత ఎక్కడో ప్రాణం వదులుతాయని నాకు అప్పటికి తెలియదు. అదే అద్దంలో ఎదురుగా ఉన్న చెట్టు కొమ్మలతో సహా కనిపిస్తోంది. పక్షి బయల్దేరింది ఆ చెట్టు మీద వాలడానికే.

ఫ్రేము, తలుపు పిడి, మరకలు చూసి అక్కడ అద్దం ఉందని మనం పోల్చుకుంటాం. పక్షులకు ఆ గుర్తులు పట్టవు. అద్దంలోని ఆకాశం వాటికి నిజమైన ఆకాశమే. అద్దం అవతల కుండీలో మొక్క ఉంటే నేరుగా దాని మీదికే వెళ్తాయి.

ఇలాంటివి చూసి కడుపు తరుక్కుపోయినవాళ్లు నలుగురు కలిస్తే మొదట తేల్చుకోవాల్సింది, నగర కౌన్సిల్‌ను ఏమని అడగాలన్నది. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ రాదు. వినేవాళ్లు ఇచ్చే టైమ్ కాస్తే. రాత్రి దీపాలు ఆర్పించడం, బిల్డర్లకు సలహాగా మార్గదర్శకాలు రాయించడం, కొత్త భవనాలకు గాజు విషయంలో తప్పనిసరి నిబంధన తేవడం, ఉన్న భవనాల అద్దాలను పక్షులకు కనిపించేలా బాగు చేయించడం. మన ముందున్న దారులు ఈ నాలుగూ.

దీపాలు ఆర్పమనడం అన్నిటికన్నా సులువైన కోరిక. వలస పక్షుల్లో చాలా జాతులు రాత్రిపూట ఎగురుతాయి, వెలుతురు వాటిని దారి తప్పించి భవనాల మధ్యకు లాగుతుంది. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 దాడుల జ్ఞాపకంగా ఏటా ఆకాశంలోకి వదిలే కాంతి స్తంభాల చుట్టూ పక్షులు గుంపులుగా తిరుగుతుంటే, దీపాలు కాసేపు ఆర్పగానే చెదిరి తమ దారిన పోయాయి. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ మందిరం మీద 2021లో వచ్చిన అధ్యయనం, వెలిగే కిటికీలను సగానికి తగ్గిస్తే అక్కడి పక్షుల మరణాలు దాదాపు 60 శాతం తగ్గుతాయని తేల్చింది. ఖర్చు లేదు, పైగా కరెంటు మిగులుతుంది. ఇవాళ ఒప్పుకుంటే రేపటి నుంచే అమలు.

అయినా నేను మొదటి కోరికగా దీన్ని పెట్టను. స్విచ్ ఆపే మనిషి ప్రతి వలస కాలంలో, ప్రతి రాత్రీ గుర్తు పెట్టుకోవాలి. లోపల ఏదో కార్యక్రమం ఉందంటే దీపాలు వెలుగుతాయి, ఆ ఒక్క రాత్రే పక్షులు ఎక్కువగా రావచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు పగటిది. రాత్రంతా ఎగిరి అలసిన పక్షులు తెల్లవారాక తిండి కోసం చెట్ల మీదికి దిగుతాయి. అద్దాలు తగిలేది ఎక్కువగా అప్పుడే. ఏడాది పొడవునా అక్కడే ఉండే పక్షులకైతే రాత్రి దీపాలతో పెద్దగా సంబంధమే లేదు.

ఆ మెకార్మిక్ ప్లేస్ సంగతే చూడండి. షికాగోలో దీపాలు ఆర్పే కార్యక్రమం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అయినా 2023 అక్టోబర్ 5 ఉదయం ఆ ఒక్క భవనం కింద దాదాపు వెయ్యి పక్షులు చచ్చి పడి ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది వేసవిలో అక్కడ అద్దం ఉందని పక్షులు పోల్చుకునేలా అద్దాల బయటి వైపు సన్నటి చుక్కలున్న ఫిల్మ్ అతికించారు. సుమారు 12 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ ఏడాది శరదృతువు వలసలో మరణాలు దాదాపు 95 శాతం తగ్గాయి. భవనం అదే, పక్కనున్న పెద్ద సరస్సు ఒడ్డూ అదే. ముఖ్యంగా మారింది అద్దాలే.

అంటే బాగు చేయించడం అద్భుతంగా పనిచేస్తుంది. న్యూయార్క్‌లోని జావిట్స్ సెంటర్‌లో కూడా రిపేర్ల సమయంలో చుక్కల గాజు బిగించాక పక్షుల తాకిడి 90 శాతం వరకు పడిపోయింది. కానీ ఒక్కో పాత భవనం ఓనర్‌ను బతిమాలి, డబ్బు పెట్టించి, నిచ్చెనలు వేయించి అతికించే వేగానికి ఊరంతా ఎప్పటికి పూర్తవుతుంది? మనం ఒకదాన్ని బాగు చేయించేలోపు పక్కన పది కొత్త గాజు మేడలు లేస్తాయి. గాజు ఆర్డర్ ఇవ్వకముందే చుక్కలున్నది ఎంచుకుంటే ఆ తర్వాతి బాధ మొత్తం తప్పుతుంది. అందుకే నా ఓటు కొత్త నిర్మాణాలకు తప్పనిసరి నిబంధనకే.

సలహాలు చాలవా అంటే చాలవు. టొరంటోలో 2007లో మార్గదర్శకాలు వచ్చాయి, పాటించడం ఎవరిష్టం వారిది. 2010 నుంచి అదే నగరం కొత్త భవనాలకు వాటిని తప్పనిసరి చేసింది. ఊరికే చెబితే సరిపోయేదైతే మూడేళ్లకే రూల్ చేయాల్సిన అవసరం ఏముంది? సలహా పుస్తకాన్ని ఆర్కిటెక్ట్ మెచ్చుకుంటాడు, బడ్జెట్ కోత పడే రోజున మొదట ఎగిరిపోయేది దానిలోని గాజే. రూల్ ఉంటే పక్కవాడు చవగ్గా కట్టి పోటీకి వస్తాడన్న టెన్షన్ బిల్డర్‌కు కూడా ఉండదు, అందరికీ ఒకటే లెక్క.

రూల్ అన్నా కూడా ఎలాంటి రూల్ అన్నది ముఖ్యం. శాన్ ఫ్రాన్సిస్కో 2011లో పార్కులు, నీటి ఒడ్డుల పక్కనున్న భవనాల మీద, విడిగా నిలబడే గాజు గోడల్లాంటి ప్రమాదకరమైన భాగాల మీద దృష్టి పెట్టింది. న్యూయార్క్ 2019 డిసెంబర్‌లో ఆమోదించిన చట్టం కొత్తగా కట్టే భవనాలన్నిటికీ నేల నుంచి 75 అడుగుల వరకు వర్తిస్తుంది. నాకు రెండోదే నచ్చుతుంది. ఎక్కడ ప్రమాదం, ఎక్కడ కాదు అని ఒక్కో స్థలం దగ్గరా వాదించుకునే పని ఉండదు. చెట్ల ఎత్తు, పక్షులు దిగే ఎత్తు కూడా ఆ 75 అడుగుల్లోనే చాలావరకు వచ్చేస్తాయి.

ఆకాశహర్మ్యాలకు మాత్రమే రూల్ పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడ ఒప్పుకోకండి. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు భవనాలకు తగిలి చనిపోతున్నాయని 2014లో ఒక అంచనా వచ్చింది. అందులో ఎత్తైన మేడల వాటా 1 శాతం కూడా లేదు. 56 శాతం తక్కువ అంతస్తుల భవనాలది, 44 శాతం ఇళ్లది. ఎత్తైనవి లెక్కకు కొన్నే, మామూలు ఎత్తున్నవి కోకొల్లలు.

ప్రైవేటు ఓనర్లంటే కౌన్సిల్ జంకితే, ప్రభుత్వ భవనాలతో మొదలుపెట్టమనడం మధ్యే మార్గం. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో అలాగే చేసింది. లేనిదానికన్నా మేలు.

రూల్‌లో మాటలు గట్టిగా ఉండాలి. ‘పక్షులకు అనుకూలమైన గాజు’ అని రాసి వదిలేస్తే ఒక డేగ స్టిక్కర్ అంటించి పని అయిందంటారు. డేగ బొమ్మను చూసి పక్షులు భయపడవు, ఆ బొమ్మ పక్కనున్న ఖాళీ లోంచి దూరబోతాయి. గుర్తులు అద్దమంతా పరుచుకుని ఉండాలి, చుక్కకూ చుక్కకూ మధ్య 5 సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు. బయటి వైపే ఉండాలి. లోపల ఉంటే బయట పడే ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది. గాజును పరీక్షించే పద్ధతి కూడా ఉంది. చీకటి సొరంగంలాంటి గది చివర మామూలు గాజు, గుర్తుల గాజు పక్కపక్కన పెట్టి పక్షిని వదులుతారు, గాజును తాకకముందే వల అడ్డుపడుతుంది. ఎక్కువ సార్లు ఎటు వెళ్లాయన్నదే స్కోరు. రూల్‌లో ఆ స్కోరు రాయించండి.

అతినీలలోహిత గుర్తులు మన కంటికి కనిపించవు కాబట్టి బిల్డర్లు వాటి వైపు మొగ్గుతారు. అన్ని పక్షులూ ఆ కాంతిని బాగా చూడలేవు, తెల్లవారుజామున వెలుతురు చాలదు. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కంటికి కనిపించే చుక్కలే అడుగుతాను. నాలుగు రోజులు పోతే లోపల కూర్చున్నవాళ్లకు ఆ చుక్కలు ఉన్నట్టే అనిపించదు.

ఒప్పించడానికి ఏది పనికొస్తుంది, వేల సంతకాలా, చచ్చిన పక్షుల లెక్కలా? రెండూ పట్టుకెళ్లండి, కానీ గది నిశ్శబ్దమయ్యేది రెండోదానికే. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో పక్షుల సేకరణ చూసుకునే డేవిడ్ విలార్డ్ 1978లో మెకార్మిక్ ప్లేస్ కింద పక్షులు ఏరడం మొదలుపెట్టారు. దీపాల గురించి పైన చెప్పిన లెక్క వచ్చింది ఆ పక్షుల నుంచే. టొరంటోలో ఈ పక్షుల కోసమే పనిచేసే ఫ్లాప్ సంస్థ వాళ్లు ఏడాదంతా ఏరిన పక్షులను ఒకచోట నేల మీద వరసగా పరిచి చూపిస్తారు. చనిపోయిన అడవి పక్షిని దగ్గర ఉంచుకోవడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి, లేకపోతే ఫొటో చాలు. పొద్దున్నే, ఊడ్చేవాళ్లు రాకముందే వెళ్లాలి. ప్రతి ఫొటోకూ తేదీ, టైమ్, భవనం, ఏ దిక్కు గోడ, ఎదురుగా చెట్టుందా అన్నది రాసుకోవాలి. పక్షి ఏదీ కనిపించని రోజున కూడా ‘ఏమీ లేదు’ అని రాయాలి.